27 అంగుళాల ఫ్రేములో 700సి చక్రాలు: బ్రేకు రబ్బర్లు రిమ్ముకు అందడం లేదు

ప్రశ్న: గుంటూరు పెడల్

సభ్యులందరికీ నమస్కారం. మా మేనమామ వాడిన పాత స్పోర్ట్స్ సైకిలు ఇటీవల నా చేతికి వచ్చింది. ఇనుప గొట్టాల ఫ్రేము పగుళ్లు లేకుండా గట్టిగా ఉంది, ఫోర్కు కూడా వంగలేదు. చక్రాలు మాత్రం 27 × 1¼ కొలతవి. ఉక్కు రిమ్ములకు పూత లేచిపోయి తుప్పు పట్టింది, టైర్ల పక్కలు బీటలు వారాయి. ఆ కొలత టైరు కావాలని అడిగితే, 28 × 1½ ఉంది, 26 ఉంది, ఇది మాత్రం తమకు రావడం లేదని మా ఊళ్లోని దుకాణాలవారు చెప్పారు. అందువల్ల 28 మి.మీ. టైర్లతో ఉన్న అల్యూమినియం 700సి చక్రాల జత ఒకటి, ఎవరో వాడి అమ్ముతుంటే కొన్నాను. ఇరుసులు ఫ్రేములోనూ ఫోర్కులోనూ సరిగ్గా కూర్చున్నాయి, చక్రాలు ఎక్కడా తగలకుండా తిరుగుతున్నాయి.

చిక్కంతా బ్రేకుల దగ్గర వచ్చింది. సైకిలుకు ఉన్నవి మధ్య బోల్టు మీద రెండు చేతులూ తిరిగి, రిమ్మును రెండు పక్కల నుంచీ నొక్కే పాతకాలపు సైడ్‌పుల్ కాలిపర్లు. బ్రేకు షూలను గాడి చివరిదాకా దించి బిగించినా రబ్బరు పై అంచు టైరును రాసుకుంటోంది, కింది సగమే రిమ్ము మీద ఆనుతోంది. ముందూ వెనుకా ఇదే పరిస్థితి.

దుకాణంలో రెండు మార్గాలు చెప్పారు. ఒకటి, ఆకురాయితో గాడిని మరికాస్త కిందికి అరగదీయడం. రెండోది, బ్రేకు బోల్టు రంధ్రానికి కిందుగా ఒక ఇనుప పట్టీని వెల్డింగు చేయించి కాలిపర్‌ను దానికి బిగించడం. సైకిలును రోజూ అమరావతి రోడ్డు రద్దీలో నడపవలసి ఉంటుంది కనుక ఈ రెండింటిలో దేనికీ నాకు ధైర్యం చాలడం లేదు. పొడవైన చేతులున్న కాలిపర్లు దొరుకుతాయని విన్నాను. అవి కొనేముందు ఏ కొలత తీసుకోవాలి? చేతులు పొడవైతే బ్రేకు పట్టు తగ్గుతుందా? 27 కన్నా 700 పెద్దది కావాలి కదా, మరి కొత్త రిమ్ము చిన్నదిగా ఎందుకు వచ్చింది?

జవాబు: పాత ఇనుము

గుంటూరు పెడల్ గారూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా లెక్క అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

27, 700, 28 అనే అంకెలు ఒకప్పుడు గాలి నింపిన టైరు వెలుపలి వ్యాసాన్ని సుమారుగా సూచించేవి. ఇప్పుడవి పేర్లుగా మాత్రమే మిగిలాయి. బ్రేకు విషయంలో లెక్కలోకి వచ్చేది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట ఉండే వ్యాసం. టైరు పక్కన 32-630, 28-622 అని చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది ఈ వ్యాసం, రెండూ మి.మీ.లలోనే. 27 × 1¼ చక్రానికి అది 630, 700సి చక్రానికి 622. వ్యాసంలో తేడా 8 మి.మీ. కాబట్టి రిమ్ము అంచు ఇరుసు వైపుకు అందులో సగం, అంటే 4 మి.మీ., దిగింది. మీ రబ్బర్లకు అందకుండా పోయింది ఆ 4 మి.మీ. మాత్రమే. దుకాణంవారు చూపిన 26 విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆడవాళ్ల సైకిళ్లకు వచ్చే 26 × 1⅜ టైరు వ్యాసం 590 అయితే, లావు టైర్ల 26 × 2.10 వ్యాసం 559. పేరులో రెండూ 26 అయినా ఒకదాని టైరు మరొకదాని రిమ్ముకు ఎక్కదు.

ఇక తీసుకోవలసిన కొలత గురించి. కొత్త చక్రాన్ని ఫోర్కులో నిండుగా కూర్చోబెట్టి, ఇరుసు నట్లు బిగించి, చక్రం రెండు వైపులా సమంగా ఉందని చూసుకోండి. తరువాత కాలిపర్‌ను విప్పి, బోల్టు రంధ్రం మధ్య నుంచి రిమ్ము పక్కన రబ్బరు ఆనవలసిన పట్టీ మధ్య వరకు ఉన్న దూరాన్ని ఉక్కు స్కేలుతో కొలవండి. స్కేలును ఫోర్కు వాలుకు సమాంతరంగా పట్టాలి, నేలకు నిలువుగా పట్టకూడదు. వెనుక చక్రానికి సీటు కింది గొట్టాలను కలిపే అడ్డ గొట్టం దగ్గర ఇదే పని చేయండి. ఈ దూరాన్నే రీచ్ అంటారు, కాలిపర్లు అమ్మేవారు ఇచ్చే కొలత కూడా ఇదే. రేసు సైకిళ్ల కాలిపర్లు సాధారణంగా 39 నుంచి 49 మి.మీ. వరకు అందుతాయి. మధ్యరకం 47 నుంచి 57 వరకు, పొడవు రకం 55 నుంచి 73 వరకు అందుతాయి. చివరి రకంలో టెక్ట్రో ఆర్559 అనే జంట ఇరుసుల (రెండు చేతులూ వేర్వేరు ఇరుసుల మీద తిరిగే) కాలిపర్ బాగా వాడుకలో ఉన్నది. పాత 27 అంగుళాల ఫ్రేములు చాలావరకు ఈ మూడో రకంలోకే వస్తాయి కానీ, ముందుకొకటి వెనుకకొకటి వేర్వేరుగా కొలవకుండా డబ్బు పెట్టకండి. రెండు చోట్ల దూరాలు ఒకేలా ఉండే ఫ్రేము నాకు అరుదుగా కనిపించింది.

పట్టు విషయానికి వస్తే, కాలిపర్ చేయి ఏతం దూలం వంటిది. ఇరుసుకు ఒక వైపు కేబుల్ లాగుతుంది, రెండో వైపు రబ్బరు నొక్కుతుంది. కేబుల్ వైపు పొడవు మారకుండా రబ్బరు వైపు మాత్రమే పొడవు పెరిగితే అదే నిష్పత్తిలో నొక్కుడు తగ్గుతుంది. ఒకే ఇరుసున్న మీ పాత కాలిపర్‌లో రబ్బరు 58 మి.మీ. దగ్గరి నుంచి 62కు దిగిందనుకుంటే ఆ నష్టం సుమారు ఆరు శాతం. అది వేలికి తెలియదు. 50 నుంచి 70కి దిగితే మాత్రం దాదాపు మూడు పది వంతుల బలం పోతుంది, దాన్ని చెయ్యి తప్పక గుర్తిస్తుంది. జంట ఇరుసుల కాలిపర్లలో ఇరుసుల స్థానం వేరు కనుక లెక్క ఇంత సూటిగా ఉండదు. పైగా పొడవు రకాన్ని తయారుచేసేటప్పుడు కేబుల్ వైపు చేతిని కూడా పొడిగించి ఆ నష్టాన్ని కొంత పూడుస్తారు. అందుకని మీ పాత సైడ్‌పుల్‌తో పోలిస్తే కొత్త పొడవు కాలిపర్ బలహీనమవుతుందన్న భయం అక్కరలేదు, అది మెరుగ్గానే పట్టుకుంటుంది.

దుకాణంవారి సలహాల్లో రెండోదాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. అడ్డ గొట్టం పలుచనిది, ఫోర్కు తలకు అతికినవీ పలుచని గొట్టాలే. వెల్డింగు వేడికి అక్కడి లోహం గుణం మారుతుంది. పట్టీ ఒక్క చోటే అతికి ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం దాన్ని ముందుకు ఈడుస్తుంది, చివరికి అతుకు అంచున బీట పడుతుంది. ముందు చక్రం బ్రేకు ఊడి చువ్వల్లో పడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. గాడి అరగదీయడం అంత ప్రమాదకరం కాకపోయినా నేను దాన్నీ సమర్థించను. గాడి కింద మిగిలిన కొద్దిపాటి లోహమే షూ బరువంతా మోస్తుంది, అందులోనుంచే మీరు తీసివేస్తారు. చవక కాలిపర్ల పోత అల్యూమినియం చెప్పకుండానే విరుగుతుంది.

కొనేటప్పుడు మరో రెండు సంగతులు గమనించండి. పాత ఫ్రేములో బ్రేకు బోల్టు 6 మి.మీ. రంధ్రంలోంచి అవతలికి వచ్చి మామూలు నట్టుతో బిగుస్తుంది. కొత్త కాలిపర్లలో చాలావాటికి నట్టు గొట్టంలా ఉండి ఫ్రేము లోపలికి దిగుతుంది, దానికి వెనుక వైపు 8 మి.మీ. రంధ్రం కావాలి. మామూలు నట్టు రకమే దొరికితే ఏ ఇబ్బందీ లేదు. దొరకకపోతే ముందు వెనుక కాలిపర్లను తారుమారు చేసుకోవచ్చు. ముందు కాలిపర్‌కు పొడవైన బోల్టు ఉంటుంది కాబట్టి దాన్ని వెనుక అడ్డ గొట్టంలోంచి నేరుగా దూర్చి మామూలు నట్టుతో బిగించండి. వెనుక కాలిపర్ బోల్టు పొట్టిది. దాన్ని ముందుకు తెచ్చి, ఫోర్కు తల వెనుక రంధ్రాన్ని మాత్రమే 8 మి.మీ.కు పెంచి, పొడవైన గొట్టపు నట్టుతో బిగించండి. ముందు వైపు రంధ్రాన్ని ముట్టుకోకూడదు, అడ్డ గొట్టాన్ని అసలే తొలచకూడదు. గుండ్రటి గొట్టం మీద కాలిపర్ కదలకుండా కూర్చోవడానికి ఒక వైపు వంపు ఉన్న వాషర్లు వేయాలి.

రెండో సంగతి బ్రేకు లివర్లు. ప్రస్తుతమున్నవి కాలిపర్ లివర్లే కాబట్టి వాటినే ఉంచుకోవచ్చు. మార్చదలిస్తే మాత్రం ఎంటీబీ (కొండదారుల సైకిలు) లివర్లని అమ్మేవాటిని తీసుకోకండి. అవి వి-బ్రేకుల కోసం, అంటే రిమ్ముకు రెండు పక్కలా నిలువుగా నిలిచే పొడవాటి చేతుల బ్రేకుల కోసం, చేసినవి, కాలిపర్‌కు కావలసినదానికి దాదాపు రెట్టింపు కేబుల్ లాగుతాయి. చేతికి గట్టిగా, బ్రేకు బాగా పడుతున్నట్టే అనిపిస్తుంది కానీ రిమ్ము మీద నొక్కుడు సగానికి పడిపోతుంది.

జవాబు: గుంటూరు పెడల్

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కొలిచాను. ముందు 62 మి.మీ., వెనుక 69 మి.మీ. వచ్చాయి. పాత చక్రాలను పెట్టి చూస్తే ముందు 58, వెనుక 65 వచ్చాయి, అంటే మీరు చెప్పిన 4 మి.మీ. తేడా రెండు చోట్లా కచ్చితంగా కనిపించింది. పాత కాలిపర్ల గాడులు ముందు 60 దగ్గర, వెనుక 67 దగ్గర ముగుస్తున్నాయి. కేవలం 2 మి.మీ. కోసం రెండు కొత్త కాలిపర్లు కొనాలా అన్న పీనాసి ఆలోచన కూడా ఒకటి మిగిలింది. ముందుదానికి ఎలాగూ కొంటాను, వెనుకదాన్ని పాతదానితోనే సరిపెట్టుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: వానలో చక్రం

ఉంది, అయితే అది మీ ఫ్రేములో వెనుక ఇరుసు కూర్చునే చీలిక ఆకారాన్ని బట్టి ఉంటుంది. పాత స్పోర్ట్స్ ఫ్రేముల్లో ఆ చీలిక దాదాపు అడ్డంగా ఉండి ముందు వైపుకు తెరుచుకుంటుంది, ఇరుసును చెయిన్ బిగువు కోసం ముందుకు వెనుకకు జరుపుకోవచ్చు. సీటు కింది గొట్టాలు ఇరుసు నుంచి పైకి, ముందుకు వాలి వెళతాయి కదా. ఇరుసును ముందుకు జరిపితే రిమ్ము అడ్డ గొట్టానికి దగ్గరవుతుంది. ఆ వాలును బట్టి 10 మి.మీ. జరిపితే రీచ్ సుమారు 5 మి.మీ. తగ్గుతుంది. మీకు కావలసింది 2 మి.మీ. అయినా 5 మి.మీ. జరిపితే సరిపోయి, రబ్బరు గాడిలో చివరకు తగలకుండా కొంచెం చోటు మిగులుతుంది. గేర్లున్న సైకిలైతే చెయిన్‌ను డెరైలర్ (గేర్లు మార్చే భాగం) సర్దుకుంటుంది. ఒకే గేరైతే చెయిన్ వదులవుతుంది కనుక ఒక లింకు తీయాలి, లేదా అర లింకు వేయాలి. టైరు ముందు వైపు గొట్టానికి తగలకుండా ఉందో లేదో చూసుకోండి. 28 మి.మీ. టైరు పాత 32 కన్నా చిన్నది కాబట్టి అక్కడ సాధారణంగా ఇబ్బంది రాదు.

అయినా నా అభిప్రాయం వేరు. వెనుకకు కూడా కొత్త కాలిపర్ కొనడమే మేలు. పాత ఇనుము గారు రీచ్ గురించి చెప్పినదంతా సరైనదే కానీ ఒక సంగతి కొంచెం చెప్పవలసి ఉంది. చేతులు పొడవైన కొద్దీ అవి వంగడం కూడా పెరుగుతుంది. రేకు నొక్కి చేసిన పాత సైడ్‌పుల్ చేతులు 67 మి.మీ. దగ్గర బ్రేకు వేస్తే కంటికి కనిపించేంతగా విచ్చుకుంటాయి. లివరును లాగిన బలంలో కొంత వాటిని వంచడానికే ఖర్చవుతుంది. నష్టం లెక్కలో ఆరు శాతమే వచ్చినా రోడ్డు మీద తేడా అంతకంటే ఎక్కువగా తెలుస్తుంది.

డ్రాప్ బోల్టు అనే భాగం గురించి కూడా మీరు వినవచ్చు. బ్రేకు రంధ్రానికి బిగించుకుని కాలిపర్‌ను కొంత కిందికి దించే చిన్న ఉక్కు బిళ్ల అది. దుకాణంవారు చెప్పిన పట్టీకి, దీనికి తేడా ఏమిటంటే ఇది ఫ్రేముకు అతకదు, బోల్టుతో బిగుస్తుంది, సరిగ్గా చేసినదైతే అడ్డ గొట్టానికి వెనుక వైపు కూడా ఆనుకుని మెలి తిరగకుండా ఉంటుంది. చేతుల పొడవు మారదు కాబట్టి పట్టూ తగ్గదు. పొట్టి చేతుల మంచి కాలిపర్ ఇప్పటికే చేతిలో ఉన్నవారికి వెనుక చక్రం మీద అది పనికివస్తుంది. ముందు చక్రం మీద మాత్రం నేను దాన్ని ఒప్పుకోను. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకే చేస్తుంది, ఆ ఈడ్పునంతా ఒక బిళ్ల మీద వదలడం నాకు ఇష్టం లేదు.

ఇక రబ్బర్లు. ఉక్కు రిమ్ము మీద ఏళ్ల తరబడి ఎండిన రబ్బరును అల్యూమినియం రిమ్ము మీద వాడకండి. అందులో ఇరుక్కున్న తుప్పు, ఉక్కు పొడి మెత్తని అల్యూమినియాన్ని గీసిపారేస్తాయి. కొత్త షూలు వేసేటప్పుడు రబ్బరు పై అంచుకూ టైరుకూ మధ్య 1 నుంచి 2 మి.మీ. ఖాళీ ఉండాలి, కింది అంచు రిమ్ము పట్టీని దాటకూడదు. కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా ఉంటే చాలదు, అరిగిన తరువాత ఎటు జరుగుతుందో కూడా ఆలోచించాలి. మధ్యలో ఒకే ఇరుసు ఉన్న సైడ్‌పుల్‌లో రబ్బరు అరిగేకొద్దీ కొంచెం కిందికి జారుతుంది. కేబుల్ మధ్య నుంచి లాగే సెంటర్‌పుల్‌లో ఇరుసులు రెండు పక్కలా దూరంగా ఉంటాయి కాబట్టి రబ్బరు పైకి, అంటే టైరు వైపుకు, వెళుతుంది. జంట ఇరుసుల కాలిపర్‌లో ఒక పక్క రబ్బరు పైకి, రెండో పక్కది కిందికి వెళతాయి. అందుకని ఆర్559 వేసిన తరువాత కొన్ని వారాలకొకసారి రెండు పక్కలా వంగి చూడండి. టైరు పక్క గోడను రబ్బరు కోసివేసి ట్యూబు పేలిన సైకిలు బాగుచేయించుకునేవారు ఏటా ఒకరిద్దరు మా కాలనీలో కనిపిస్తూనే ఉంటారు.

మీరు అడగని లాభం కూడా ఒకటి ఉంది. విశాఖలో జూన్ నుంచి నవంబరు దాకా వానతోనే సహవాసం, కనుక ఇది అనుభవంతో చెబుతున్నాను. క్రోము పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టు దాదాపు మాయమవుతుంది. అల్యూమినియం రిమ్ము తడిసినా, ఒకటి రెండు తిరుగుళ్లలో రబ్బరు నీటిని తుడిచివేసి పట్టుకుంటుంది. చక్రం కొలత మార్చడంలో మీకు దక్కిన అసలైన మేలు ఇదే. టైరు దొరకడం దాని తరువాతిది.

జవాబు: కొండదారి

ఈ చర్చలోనే నా ప్రశ్న కూడా అడుగుతున్నాను, కొత్త అంశం మొదలుపెట్టమంటే అలాగే చేస్తాను. హైదరాబాదులో ఉంటాను. 26 × 2.10 టైర్లున్న ఎంటీబీ ఉంది, ముందూ వెనుకా వి-బ్రేకులు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిల్ దారి వచ్చాక మట్టిలో తొక్కడం మానేశాను. 700సి చక్రాలు, 32 మి.మీ. టైర్లు వేస్తే వేగం పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. చక్రం పెట్టి చూశాను, ఫ్రేములో పడుతోంది. కానీ బ్రేకు రబ్బరు రిమ్ముకు చాలా కిందుగా, చువ్వల దగ్గర ఆగిపోతోంది. పొడవైన చేతుల వి-బ్రేకులు ఎక్కడైనా దొరుకుతాయా?

జవాబు: పాత ఇనుము

కొండదారి గారూ, ఇక్కడే అడగండి, విషయం ఒక్కటే. మీ సమస్య గుంటూరు పెడల్ గారిదానికి తలకిందులు. అక్కడ రిమ్ము చిన్నదై కిందికి దిగింది, మీ దగ్గర పెద్దదై పైకి పోయింది. అంతరం కూడా చాలా పెద్దది. 622లోంచి 559 తీసివేస్తే 63, అందులో సగం 31.5 మి.మీ. వి-బ్రేకు చేతుల్లో షూ గాడి ఇచ్చే సర్దుబాటు ఆ దూరానికి ఏ మూలకూ రాదు. అంత పొడవైన గాడి దొరికినా చేయి తిరిగే చోటికి రబ్బరు చాలా దూరమవుతుంది కాబట్టి పట్టు బాగా తగ్గుతుంది. వి-బ్రేకు చేతులు తిరిగే బొడిపెలు ఫ్రేముకు అతికి ఉంటాయి, వాటిని ఎక్కడ అతికారో ఆ చక్రానికే ఆ ఫ్రేము కట్టుబడి ఉంటుంది.

బొడిపెల మీద బిగించుకుని, మరో జత బొడిపెలను పైకి తెచ్చే కమాను ఆకారపు పలకలు ఒకప్పుడు ఉండేవి. మావిక్ సంస్థ తన స్పీడ్‌సిటీ 700సి చక్రాలను 26 అంగుళాల ఫ్రేముల్లో వాడుకోవడానికి అటువంటివి అమ్మింది. ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం, దొరికినా ముందు చక్రం మీద ఆ పలక వంగడం గురించి పైన వానలో చక్రం గారు డ్రాప్ బోల్టు విషయంలో చెప్పిన అభ్యంతరమే నాదీ. స్థానికంగా లేతు పనివారితో అలాంటి పలక చేయించుకున్నామని కొందరు రాస్తుంటారు. వారి నైపుణ్యాన్ని తప్పుపట్టను కానీ ఏ లోహం వాడారో, ఎంత బలం తట్టుకుంటుందో తెలియని భాగానికి బ్రేకును అప్పగించడం నాకు సమ్మతం కాదు.

మీ ఫ్రేముకూ ఫోర్కుకూ డిస్కు బ్రేకు బిగించే చెవులు ఉన్నాయేమో ముందు చూడండి. చాలా ఎంటీబీలకు వి-బ్రేకులు వేసి అమ్మినా ఆ చెవులు ఉంటాయి. డిస్కు ఇరుసు దగ్గరే ఉంటుంది కనుక రిమ్ము 559 అయినా 622 అయినా దానికి పట్టింపు లేదు. డిస్కు హబ్బులున్న 700సి చక్రాలు, కేబుల్‌తో నడిచే డిస్కు కాలిపర్లు తీసుకుంటే మీ వి-బ్రేకు లివర్లనే ఉంచుకోవచ్చు. కొనే కాలిపర్ ఎంటీబీ లివర్లకు సరిపోయే రకమా, రోడ్డు సైకిలు లివర్లకు సరిపోయే రకమా అని మాత్రం అడగాలి.

చెవులు లేకపోతే 700సి ఆలోచన మానుకోండి. అది అంత నష్టమేమీ కాదు. 26 × 2.10 టైరుతో చక్రం వెలుపలి వ్యాసార్ధం సుమారు 333 మి.మీ. 32 మి.మీ. టైరున్న 700సి చక్రానిది సుమారు 343. ఈ 10 మి.మీ. తేడాతో వేగం పెరగదు. మీ మిత్రులు గమనించిన వేగం నున్నని సన్న టైరు వల్ల వచ్చినది. మీ 26 రిమ్ములకే మట్టి గుబ్బలు లేని 1.5 అంగుళాల నున్నని టైర్లు వేసి గాలి సరిగ్గా నింపితే ఆ లాభంలో చాలా భాగం బ్రేకు జోలికి పోకుండానే దక్కుతుంది. 27.5 అనే 584 రిమ్ము మధ్యేమార్గం. దానికి 12.5 మి.మీ. చాలు, పాల్ కాంపొనెంట్ వారి మోటోలైట్ వంటి పొడవు గాడి వి-బ్రేకులతో కొందరు సాధించారు. అయితే ఆ బ్రేకుల ధరకు ఇక్కడ వాడిన సైకిలే ఒకటి వస్తుంది.

జవాబు: రాడ్ బ్రేకు

రెండు మాటలు నేనూ చేరుస్తాను. 28 × 1½ చక్రాలున్న పాత నల్ల సైకిళ్లకు కూడా 700సి వేయాలని అడిగేవారు ఉన్నారు. అక్కడ 635లోంచి 622 పోతే సగం 6.5 మి.మీ. చిన్న తేడాలాగే కనిపిస్తుంది కానీ సమస్య అంతరానిది కాదు. రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము పక్కలను నొక్కదు, చువ్వల వైపున్న లోపలి ముఖాన్ని కింది నుంచి పైకి లాగి పట్టుకుంటుంది. అందుకోసమే వెస్ట్‌వుడ్ రిమ్ముకు చువ్వలకు రెండు పక్కలా గుండ్రటి అంచులు ఉంటాయి. 700సి అల్యూమినియం రిమ్ముకు ఆ ముఖమే లేదు, కాబట్టి రాడ్లను ఎంత సర్దినా ఉపయోగం లేదు.

కాలిపర్ వేయాలంటే ఫోర్కు తలకు రంధ్రం ఉందో లేదో, ఉంటే అక్కడి నుంచి రిమ్ము పట్టీకి ఎంత దూరమో కొలవాలి. ఆ దూరం 73 దాటితే రిమ్ము బ్రేకు సంగతి వదిలి హబ్బులోనే ఉండే బ్రేకు చూసుకోవాలి. వెనుకకు కోస్టర్ బ్రేకు (పెడల్‌ను వెనక్కి తొక్కితే పడేది), ముందుకు స్టర్మీ-ఆర్చర్ వారి 70 మి.మీ. డ్రమ్ము హబ్బు వంటివి రిమ్ము కొలతను పట్టించుకోవు. డ్రమ్ము ఈడ్పును ఆపే చేతిని ఫోర్కు కాలికి కట్టవలసి ఉంటుంది కాబట్టి సన్నని ఫోర్కుతో ఆ పని చేయకండి. నా వరకు నేను 28 × 1½ను అలాగే ఉంచుతాను. ఆ టైరు ఏ పల్లె దుకాణంలో అడిగినా దొరుకుతుంది, అది మార్చుకోవలసిన అవసరం నాకు ఇంతవరకు ఎవరూ చూపలేదు.

జవాబు: గుంటూరు పెడల్

అందరికీ ధన్యవాదాలు. వెనుక చీలిక అడ్డంగానే ఉంది, ఇరుసు ముందుకు జరుగుతోంది కూడా. అయినా వానలో చక్రం గారి మాట విని రెండు వైపులకూ 55–73 కాలిపర్లే తెప్పిస్తున్నాను. గొట్టపు నట్టు రకమే దొరికింది కనుక ముందు వెనుక తారుమారు చేసి బిగిస్తాను. ఫోర్కు తల వెనుక రంధ్రాన్ని 8 మి.మీ.కు పెంచే పనిని చేతి డ్రిల్లుతో చేయవచ్చా, లేతు దగ్గరికి తీసుకువెళ్లాలా? బోల్టులు ఎంత బిగించాలి?

జవాబు: పాత ఇనుము

చేతి డ్రిల్లు చాలు. 6 నుంచి ఒక్కసారిగా 8కి వెళ్లకుండా 7 వేసి తరువాత 8 వేయండి. నెమ్మదిగా, నూనె చుక్క వేస్తూ, ముందు రంధ్రంలోకి బిట్టు దూసుకుపోకుండా లోతును టేపుతో గుర్తుపెట్టుకోండి. తొలిచిన అంచుకు కొంచెం పెయింటు రాస్తే తుప్పు పట్టదు. గొట్టపు నట్టులోకి బోల్టు మర కనీసం ఆరేడు చుట్లు ఎక్కుతోందని చేత్తో తిప్పి చూసుకోండి. అంతకు తక్కువైతే ఇంకా పొడవైన నట్టు తెప్పించాలి.

బిగువు విషయానికి వస్తే, కాలిపర్‌ను ఫ్రేముకు పట్టే బోల్టుకు 8 నుంచి 10, షూ బోల్టుకు 5 నుంచి 7, కేబుల్ బిగించే బోల్టుకు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు షిమానో తన కాలిపర్లకు చెప్పే అంకెలు. బిగువును కొలిచే టార్క్ పానా లేకపోతే పొట్టి అలెన్ కీ వాడండి, పొడవైనదానితో మర పోతుంది. అంతా అయ్యాక సైకిలు ఎక్కకుండానే ముందు బ్రేకును పూర్తి బలంతో పట్టి సైకిలును ముందుకు వెనుకకు తోసి చూడండి. కాలిపర్ కదిలినా, లివరు హ్యాండిల్‌కు తగిలినా రోడ్డెక్కకండి. కొత్త కేబుల్ మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి ఒక వారం నడిపాక దాన్ని మళ్లీ లాగి బిగించండి. ఒక చిన్న విషయం మరిచాను, 28 మి.మీ. టైరు వల్ల పెడల్ నేలకు పాతదానికన్నా సుమారు 8 మి.మీ. దగ్గరవుతుంది. మలుపుల్లో లోపలి వైపు పెడల్ పైకి ఉంచే అలవాటు లేకపోతే 32 మి.మీ. టైరు వేసుకోండి, మీరు కొంటున్న కాలిపర్ల కింద అది సులభంగానే పడుతుంది.